పాత జీపు మీద ఎవరి పానా?

ముంబయి వర్లిలో తెలుగు ఇండ్లు ఇవాళ్టివి కావు. కామాటిపురకు పేరు తెచ్చిన కామాటీలు రాయి కొట్టి, మట్టి మోసి ఈ నగరాన్ని కట్టారు. వాళ్ల తర్వాత కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపుల నుంచి నేత తెలిసిన పద్మశాలీలు బట్టల మిల్లుల కోసం వచ్చి వర్లి, లోయర్ పరేల్ చాళ్లలో స్థిరపడ్డారు. ఇక్కడ వాదించుకునే ఇద్దరూ ఆ వాడ మనుషులే. మామ మిల్లులో సాంచా (మరమగ్గం) ఖాతా ఫిట్టరుగా మొదలుపెట్టాడు. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తర్వాత మిల్లు పని పోయి గ్యారేజీలో చేరాడు, అక్కడే తల నెరిసింది. అల్లుడు ఆయన అక్క కొడుకు. నవీ ముంబయిలో కంప్యూటర్ ఉద్యోగం, సెలవు దొరికితే చేతినిండా గ్రీజు. ఇద్దరి మధ్య ఒక పాత మహీంద్రా ఎమ్ఎమ్ 540 జీపు ఉంది. మామ ఏండ్లపాటు నడిపి అల్లుడికి ఇచ్చేశాడు. అల్లుడు దాన్ని తన చేతులతోనే బాగుచేసి, కొత్త హంగులు బిగించి, మాల్షేజ్ ఘాటు ఎక్కించి, నాందేడ్, నిర్మల్ మీదుగా సిరిసిల్ల దాకా తీసుకుపోతానంటాడు. మామ ససేమిరా అంటాడు.

మామ: ఈ కాయితం ఏందిరా అల్లుడా? పవర్ స్టీరింగు, ముందట డిస్కు బ్రేకులు, 31 అంగుళాల టైర్లు, బండి ఎత్తు లేపుడు, వంద వాట్ల బల్బులు, ఉక్కు బంపరు, దాని మీద విన్చి. ఇందుల రిపేరు అన్నది ఒక్కటన్న ఉన్నదా?

అల్లుడు: పాతది పాతగనే ఉంచితే ఏం లాభం మామా? బండి ముప్పై ఏండ్ల నాటిది, రోడ్లు ఇయ్యాల్టివి. సీలింకు మీద, కోస్టల్ రోడ్డు మీద అందరు 80కి పోతుంటరు. మన జీపు 60 దాటితే స్టీరింగు వణుకుతది, బ్రేకు తొక్కితే ఎడమకు గుంజుతది. దాన్ని ఈ కాలానికి తేవాలె గదా.

మామ: వణుకుతున్నది, గుంజుతున్నది అని నువ్వే అంటివి. ఎందుకు వణుకుతున్నదో, ఎందుకు గుంజుతున్నదో నీ కాయితంల లేదు. సరే, గిదంత ఎవరు జేస్తరు?

అల్లుడు: నేనే. శని, ఆదివారాలు.

మామ: నా భయం గదే. పని తెల్సినోని చేతిల పెట్టు. నేను పానా పట్టి బతికినోన్ని, నా మాట ఇను.

అల్లుడు: తెల్సినోడు యాడున్నడు మామా? పెద్ద గ్యారేజీకి తీస్కపోతే బండికి కంప్యూటర్ తగిలించుడు ఎక్కడా అని ఎతుకుతరు. కింగ్ పిన్ను కింద షిమ్ములు ఎన్ని పెట్టాల్నో అడిగితే మొఖం చూస్తరు. చిన్న గ్యారేజోడు అసెంబ్లీ అసెంబ్లీ పీకి కొత్తది బిగిస్తడు, పాడైన బుష్షు ఒక్కటి మార్చుమంటే టైం లేదంటడు. తెల్సినోళ్లు మీ ఈడువాళ్లు. వాళ్లు ఊర్లకు పోయిన్రు, కొందరు కాలం చేసిన్రు. పాత బండి పనికి ఓపిక కావాలె. ఆ ఓపిక బండి ఓనరుకే ఉంటది.

మామ: ఓపిక వేరు, ఒడుపు వేరు. తుప్పు పట్టిన బోల్టు తిరుగుతున్నదో, తెగుతున్నదో చేతికి తెల్వాలె. అది వీడియోల కనపడదు. నువ్వు చూసే వీడియోల బోల్టు ఎప్పుడన్న తెగిందా?

అల్లుడు: తెగుతది. తెగినంక డ్రిల్లు ఏసి తీసుడు కూడ చూపిస్తరు. అయినా ఒక మాట మామా. ఈ జీపు పుట్టుడే పానాతోని పుట్టింది. 1949ల మజ్‌గావ్‌ల విల్లీస్ జీపులు విడి భాగాలుగ దిగితే మహీంద్రావాళ్లు ఈడనే బిగించిన్రు. యుద్ధంల సిపాయి రోడ్డు పక్కన కూసొని బాగుచేసుకునేటట్టు గీసిన బండి అది. దానికి తాళం వేసిన డబ్బాలు లేవు, సెన్సార్లు లేవు. బానెట్ లేపితే కింద నేల కనపడుతది. సొంత చెయ్యి పెట్టెటందుకు ఇంతకన్నా మంచి బండి ఇంకోటి యాడుంది?

మామ: మజ్‌గావ్‌ల బిగించినోళ్లు ఎవరు? ఫిట్టర్లు. వాళ్ల ముందట డ్రాయింగు ఉన్నది, ఏ బోల్టు ఎంత బిగించాల్నో లెక్క ఉన్నది, బిగించినంక చూసే ఇన్‌స్పెక్టరు ఉన్నడు. సిపాయికి కూడ పుస్తకం ఇచ్చిన్రు, ట్రైనింగు ఇచ్చిన్రు. నీకు ఏమున్నది? మన వర్లిలనే మహీంద్రా టవర్స్ ఉన్నది, దాని నీడ పడితే పని వస్తదా?

అల్లుడు: నాకు నువ్వున్నవ్.

మామ: మాటలకేం తక్కువ లేదు. అయితే ఒకటి చెప్పు. నీ డబ్బాల ఏ పానాలు ఉన్నయ్?

అల్లుడు: ఎనిమిది నుంచి ముప్పై రెండు దాకా ఫుల్ సెట్టు.

మామ: మిల్లీమీటర్లదా? గదీ సంగతి. ఈ బండి చాసిస్, యాక్సిల్లు విల్లీస్ వంశం, అవన్ని అంగుళాల లెక్క. ఇంజినేమో ఫ్రెంచోళ్ల ప్యూజో, 2112 సీసీ, అది మిల్లీమీటర్ల లెక్క. ఒక్క బండిల రెండు దేశాల కొలతలు. అర అంగుళం బోల్టు మీద నువ్వు 13 పానా పెడతవ్. అర అంగుళం అంటే 12.7. పట్టినట్టే ఉంటది, జోరు చేసినప్పుడు జారి మూలలు గుండ్రమైతయ్. ఆమీదట ఆ బోల్టు ఏ పానాకు దొరకది. యాక్సిల్ కింద నీ మొదటి ఆదివారం గట్లనే పోతది.

అల్లుడు: ఇది నాకు తెల్వది. ఒప్పుకుంట. కాని చూడు మామా, నువ్వు చెప్పుడు రెండు నిమిషాలు పట్టలే. నేను రెండు సెట్లు కొంట, తేడా మరువను. నేర్పితే వచ్చే పనే గదా ఇది. నేర్పకుంట "తెల్సినోనికియ్యి" అంటే ఆ తెల్సినోడు రేపు యాడికెల్లి వస్తడు?

మామ: సరే, నేర్పుతనే అనుకో. పవర్ స్టీరింగు ఎందుకు?

అల్లుడు: స్టీరింగు బరువుంది. అమ్మను ఎక్కించుకొని మార్కెట్టుకు పోతే పార్కింగుల భుజాలు పోతయ్.

మామ: ఈ జీపు స్టీరింగు కొత్తప్పుడు గింత బరువు లేకుండె. బరువైందంటే కారణం ఉన్నది. టైర్ల గాలి చూసినవా? కింగ్ పిన్ బేరింగులకు గ్రీజు ఎప్పుడు పోయింది? టైరాడ్ చివరలు ఎండిపోయినయా? టో-ఇన్ తప్పిందా? గివి చూసెటందుకు పైస ఖర్చు లేదు. ముందు చక్రం లేపు. పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపు. ఊగిందంటే వీల్ బేరింగో, కింగ్ పిన్నో. ఒకరిని బ్రేకు తొక్కి పట్టుమని మళ్లా ఊపు. అప్పుడు కూడ ఊగితే కింగ్ పిన్ను. ఇంక ఎడమకు, కుడికి పట్టి ఊపు. టైరాడ్, డ్రాగ్ లింకు సంగతి తెలుస్తది. 60 మీద వణుకు అంటివి చూడు, అది చానసార్లు ఇక్కడనే ఉంటది.

అల్లుడు: అవన్ని మార్చినంక పవర్ స్టీరింగు పెడితే తప్పేంది?

మామ: మార్చినంక నీకు దాని అక్కర ఉండదు. మార్చకముందే పెడితే ప్రమాదం. పవర్ స్టీరింగు బరువు తీస్తది, లూజు తియ్యది. ఇయ్యాల ఆ లూజు నీ చేతికి తెలుస్తున్నది, భయపడి మెల్లగ పోతున్నవ్. రేపు చేతికి తెల్వది, జోరుగ పోతవ్. లూజు మాత్రం గాడనే ఉంటది.

అల్లుడు: ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. పవర్ స్టీరింగు కొట్టేస్తున్న. టైర్లు మాత్రం కొట్టెయ్యను. బురదల 31 అంగుళాల టైరు పట్టినట్టు ఈ సన్న టైరు పట్టది.

మామ: ఇప్పుడున్న 6.00-16 టైరు ఎంతెత్తు?

అల్లుడు: 28 అంగుళాల చిల్లర.

మామ: 31 పెడితే నూటికి తొమ్మిది వంతుల దాక పెరుగుతది. చక్రం ఒక చుట్టు తిరిగితే అంత ఎక్కువ దూరం పోతది. స్పీడోమీటరు 60 చూపిస్తే నువ్వు 65 మీద ఉంటవ్. ఇంజిన్ అదే, గేర్లు అవే. ఘాటు మీద మూడో గేరుల పోయే కాడ రెండుకు దిగాలె. బ్రేకు డ్రమ్ము అదే సైజు, ఆపాల్సిన చక్రం పెద్దది, బరువుది. కింగ్ పిన్ మీద బరువు పెరుగుతది. టైరు కమాన్ పట్టీకి తగులుతదని ఎత్తు లేపుతవ్. ఎత్తు లేపితే ప్రొపెల్లర్ షాఫ్టు వంపు మారి యూజే క్రాసులు అరుగుతయ్, డ్రాగ్ లింకు ఏటవాలైతది, బ్రేకు రబ్బరు పైపు పొడుగు చాలది. సాంచా మీద పడుగు ఒక పక్క బిగిస్తే ఇంకో పక్క పోగులు తెగుతయని మనోళ్లకు చెప్పాల్నా? గీసినోడు అన్నిటినీ ఒకదానికి ఒకటి సరిపెట్టి గీసిండు. నువ్వు ఒక్కటి పెద్దగ చేస్తే పక్కది చిన్నదైతది.

అల్లుడు: అంటే గీసినోడు దేవుడా? ఆయనగూడ ఆనాటి ధరకు, ఆనాటి రోడ్డుకు సరిపెట్టిండు. డ్రమ్ము బ్రేకు సంగతే తీస్కో. నీళ్లల్ల దిగి ఎక్కినంక డ్రమ్ముల నీళ్లు ఉండి బ్రేకు పట్టది. వానకాలం ముంబయిల ఇది నాకన్నా నీకే ఎక్కువ ఎర్క. డిస్కు అయితే నీళ్లను ఎంటనే ఇసిరేస్తది. ఇది సోకు కాదు, పానం సంగతి.

మామ: ఇది నిజం. డిస్కు మంచిది. నేను కాదన. కాని ముందు నీ బండి ఎడమకు గుంజుడు ఎందుకో చెప్పు.

అల్లుడు: కుడి ముందు చక్రం లోపలి వైపు తడి ఉంది. వీల్ సిలిండరు లీకు. కుడి పక్క పట్టక ఎడమ పక్కనే పడుతున్నది.

మామ: శాబాష్. చూసినవన్నట్టు. మరి ఆ సిలిండరు మార్చి, రెండు పక్కల లైనర్లు కలిపి మార్చి, డ్రమ్ము గుండ్రంగ ఉన్నదో లేదో లేతు మీద చూపిచ్చి, పాత బ్రేకు ఆయిలు మొత్తం తీసేసి కొత్తది పోసి, దూరం చక్రం నుంచి మొదలుపెట్టి గాలి తియ్యి. బ్రేకు ఆయిలు గాలిల తేమను గుంజుతది. ఏండ్ల తరబడి మార్చకుంటే ఘాటు దిగేటప్పుడు వేడికి లోపల ఆవిరై పెడలు మెత్తగ నేలకు పోతది. మాల్షేజ్ దిగేటప్పుడు గట్లయితే నీ డిస్కు కూడ ఏం జెయ్యది.

అల్లుడు: గిదంత చేసి, ఆమీద డిస్కు పెడత.

మామ: పెట్టు. కాని డిస్కు క్యాలిపరుకు డ్రమ్ము సిలిండరుకన్న ఎక్కువ ఆయిలు కావాలె. పాత మాస్టర్ సిలిండరు సరిపోతదా? ముందు డిస్కు, ఎనుక డ్రమ్ము అయితే రెండిటి జోరు సమంగ ఉండాలె, లేకుంటే తడి రోడ్డు మీద ఎనుక చక్రాలు ముందు బిగిసి బండి తిరుగబడ్తది. కిట్టు ఒకళ్లది, మాస్టర్ సిలిండరు ఇంకొకళ్లది, పైపు కుర్లా సీఎస్టీ రోడ్డుది కొని బిగిస్తే లెక్క ఎవరు జూసిన్రు? ఈ బండి కొలతకు మొత్తం సెట్టుగ చేసి ఇచ్చినోని దగ్గర తీస్కో, బిగించినంక ఇంకో చేతికి చూపియ్యి. నువ్వు జేసిన పనిల తప్పు నీ కండ్లకు కనపడది. నాకు కూడ నా పనిల కనపడది. అందుకే మిల్లుల ఒకడు బిగిస్తే ఇంకొకడు చూసేది.

అల్లుడు: ఇది ఒప్పుకోవచ్చు. ఇగ బల్బుల సంగతి. పాత లైటు మసక. రాత్రి ఘాటుల రోడ్డు అంచు కనపడది. అందుకే వంద వాట్లు.

మామ: కరెంటు పని నాకన్నా నీకే ఎక్కువ తెలుసు. నువ్వే చెప్పు, కంపెనీ 55/60 వాట్లు ఎందుకు పెట్టింది?

అల్లుడు: వైరుకు, స్విచ్చికి అంతే తాకతు ఉంది గనుక. 12 వోల్టుల మీద వంద వాట్లంటే ఒక్క బల్బుకు ఎనిమిది యాంపియర్ల పైన. రెండిటికి పదహారు దాటుతది. అది మొత్తం డ్యాష్‌బోర్డు స్విచ్చిల నుంచి పోతే స్విచ్చి కాలుతది. రిలే పెట్టి, బ్యాటరీ నుంచి ఫ్యూజు ఏసి మందం వైరు గుంజితే ఏం కాదు.

మామ: అయితే ఆ రిలే, మందం వైరు పెట్టి, బల్బు పాతదే ఉంచి చూడు.

అల్లుడు: ఆగు... మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర ఉన్న వోల్టేజి బల్బు దగ్గరకు చేరేసరికి చాన పడిపోతున్నది. పాత వైరు, తుప్పు పట్టిన ఎర్తు మధ్యల తింటున్నయ్. రిలే పెడితే పాత బల్బుకే పూర్తి కరెంటు అందుతది. వెలుతురు తక్కువైంది బల్బుతోని కాదు, వైరుతోని.

మామ: చూసినవా? నీ లిస్టుల ఉన్న చాన సామాన్లు గిట్లాంటివే. పాడైనదాన్ని ఎతకకుంట, దాని మీద పెద్దది తెచ్చి పెడుతున్నవ్.

అల్లుడు: నీ మాట నిజమే కాని, నన్ను గ్యారేజీకి పంపితే ఈ మీటరు ఎవడు పెడుతుండె మామా? "భయ్యా, సౌ వాట్ కా డాల్ దో" అని వాడే అంటుండె. ఇది నేను చేసుకుంటున్న గనుకనే తేలింది.

మామ: నువ్వన్నదాంట్ల తప్పు లేదు. ఆ మాట ఒప్పుకుంట.

అల్లుడు: ఇంకోటి. మాల్షేజ్‌ల రాత్రి డీజిల్ ఫిల్టరు జామై, లైన్లకు గాలి దూరి బండి ఆగిందనుకో. ఏ గ్యారేజోడు వస్తడు? ఫిల్టరు మార్చి, బ్లీడ్ స్క్రూ వదులు చేసి, ప్రైమర్ పంపు కొట్టి బుడగలు పోయేదాక గాలి తియ్యాలె. అది నాకు రావాలె గదా.

మామ: రావాలె. కాని ఇంజెక్షన్ పంపు మీద చెయ్యి పెట్టకు. నాజిలు పీడనం, పంపు లెక్క బెంచి మీదనే చూడాలె, అది డీజిల్ పంపుల దుకాణం పని. గాలి తీసుడు నీది, పంపు విప్పుడు వాళ్లది. సరే, నేను నిన్ను ఒకటి అడుగుత. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ ఎందుకు వెయ్యొద్దు?

అల్లుడు: వంపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఎనుక చక్రాలకన్న ఎక్కువ దూరం పోతయ్. మన బండిల ముందు, ఎనుక షాఫ్టుల నడుమ డిఫరెన్షియల్ లేదు. బురదల అయితే చక్రం జారి సర్దుకుంటది. ఎండిన తారు మీద జారది. మెలి మొత్తం షాఫ్టుల మీద, క్రాసుల మీద, గేరు పళ్ల మీద పడుతది. లీవరు కూడ బిగుసుకుంటది, తీద్దామంటే రాదు.

మామ: గిది తెల్వని డ్రైవర్లను ఎంతమందినో చూసిన. నీళ్లల్ల దిగి ఎక్కినంక ఏం చూస్తవ్?

అల్లుడు: బ్రేకు ఆరేదాక మెల్లగ తొక్కుకుంట పోవాలె.

మామ: గంతేనా? 2005 జూలై 26 నాడు శాంతాక్రూజ్‌ల ఒక్క దినం 944 మిల్లీమీటర్ల వాన పడ్డది. ఆ నీళ్లల్ల నిలబడ్డ బండ్లు తర్వాత నెలల తరబడి గ్యారేజీలకు వచ్చినయ్. ఇంజిన్ ఎండబెట్టుకొని నడిపిన్రు, డిఫరెన్షియల్ ఎవరు చూడలే. వేడి మీద ఉన్న యాక్సిల్ చల్లనీళ్లల్ల పడితే లోపలి గాలి ముడుచుకొని సీలు సందుల కెల్లి, బ్రీదరు కెల్లి నీళ్లను గుంజుకుంటది. గేరు ఆయిలు పాలు కలిపినట్టు తెల్లగైతది. ఆ ఆయిలుతోని నడిపితే బేరింగులు, పళ్లు పోతయ్. నీ డబ్బులు ఏదన్న "హంగు" మీద పెట్టాలంటే బ్రీదరుకు ఒక రబ్బరు పైపు తొడిగి బానెట్ ఎత్తుకు తీస్కపో. పైసలు తక్కువ, పని ఎక్కువ. ఇసొంటి అప్‌గ్రేడు అయితే నేనే వచ్చి పట్టుకుంట.

అల్లుడు: మరి బంపరు, విన్చి?

మామ: ఉక్కు బంపరు కొట్టెయ్. ముందుకు గుద్దితే చాసిస్‌కు, నడిచేటోనికి ఇద్దరికీ చేటు. 2017 డిసెంబర్ల కేంద్రం అవి తీయించుమని రాష్ట్రాలకు రాసింది. విన్చి బరువు ముందర యాభై కిలోలు పెడితే ముందు కమాన్లు కుంగుతయ్. ఒక్కనివి అడవులల్ల తిరుగుతవా ఏంది? తాడు, పార, ఇంకో బండి తోడు ఉంటే సాలు.

అల్లుడు: మరి ఇంజిన్ మారిస్తే?

మామ: మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ సదువు. ఆర్.సి.ల కంపెనీ రాసిన వివరాలకు భిన్నంగ బండిని మార్చొద్దని ఉన్నది. 2019 జనవరిల సుప్రీంకోర్టు గూడ గదే గట్టిగ చెప్పింది. ఇంజిన్ మార్చాలంటే ఆర్టీఓ మంజూరు కావాలె, ఆర్.సి. మీద ఎక్కాలె. అది లేకుంట ఏదన్న జరిగితే ఇన్సూరెన్సోడు చెయ్యెత్తేస్తడు. ఇరవై ఏండ్లు దాటిన కారు, జీపు రిజిస్ట్రేషన్ మళ్లా చేయించాలంటేనే 2025 ఆగస్టు నుంచి పదివేలు. దాని కోసం ఫిట్‌నెస్‌ పరీక్షకు పోయినప్పుడు నీ 31 టైర్లు, ఎత్తు లేపిన దిమ్మలు చూసి తిప్పి పంపుతరు.

అల్లుడు: ఆ పదివేలు చూసే అమ్మ "తుక్కు కింద అమ్మేయ్" అంటున్నది. అమ్ముడు నీకు ఇష్టమేనా?

మామ: అమ్మాలని నేను ఎన్నడన్న అన్ననా? చాసిస్ గట్టిగ ఉన్నన్ని దినాలు బండి పనికొస్తది. కాని మన వర్లి ఉప్పు గాలి చాసిస్‌ను లోపల నుంచి తింటది. బంపరు బ్రాకెట్ల ఎనుక, కమాన్ హ్యాంగర్ల దగ్గర సుత్తెతోని మెల్లగ కొట్టి చూడు. టంగుమంటే మంచిది, మొద్దుగ ఇనపడితే లోపల పుచ్చింది. పుచ్చింది అంటే నువ్వు ముట్టకు, చాసిస్ వెల్డింగు మామూలు వెల్డరు పని గూడ కాదు, దానికి పెద్ద చేయి కావాలె.

అల్లుడు: ఒక మాట మామా. నువ్వు ఇన్ని చెప్తున్నవ్, ఇవన్ని యాడ చేద్దాం? మన వర్లి బీడీడీ చాళ్లు పోతున్నయ్. 1920లల్ల కట్టిన 160 చదరపు అడుగుల గదులకు బదులు 500 చదరపు అడుగుల ఫ్లాట్లు వస్తున్నయ్. 2025 ఆగస్టుల మొదటి 556 ఇండ్లకు తాళంచెవులు ఇచ్చిన్రు. గది ఇరుకైనా రెండు చాళ్ల నడుమ జాగ ఉండె, జీపు కింద పండుకుంటే ఎవరు ఏమనలే. పైనుంచి చాయ్ వస్తుండె, సలహాలు గూడ వస్తుండె. టవర్ల పార్కింగుల ఆయిలు చుక్క పడితే సొసైటీవాళ్లు నోటీసు అంటిస్తరు. గాడ నీ లాంటోళ్లు పక్కన కూసుండి చెప్పెటందుకు జాగనే ఉండది. అందుకే అంటున్న, ఇప్పుడే నేర్పు.

మామ: ఇన్ని మాటలల్ల ఇది పెద్ద మాట. దీనికి నేను అడ్డం చెప్పలేను. అయితే షరతులు చెప్త. బండి కిందికి పోయేటప్పుడు జాకు మీద నమ్మకం పెట్టకు. జాకు లేపెటందుకు, నిలబెట్టెటందుకు కాదు. స్టాండ్లు పెట్టు, చక్రాల కింద దిమ్మలు పెట్టు. ఒక్కనివి ఉన్నప్పుడు కిందికి పోకు. ఆయిల్లు, గ్రీజు, ఫిల్టర్లు, బెల్టు, రిలేలు, బ్రీదరు, తుప్పు గీకి రంగు వేసుడు నీవి. బ్రేకు, స్టీరింగు, వీల్ బేరింగు నువ్వు విప్పు, నువ్వు బిగించు. బిగించినంక వేరేటోడు చూసి సరే అన్నంకనే రోడ్డు ఎక్కాలె. పంపు, నాజిళ్లు, చాసిస్ వెల్డింగు, ప్రెస్సు మీద ఎక్కించే బేరింగులు బయట. ఎత్తు లేపుడు, 31 టైర్లు, ఉక్కు బంపరు వద్దు.

అల్లుడు: డిస్కు బ్రేకు?

మామ: డ్రమ్ము బ్రేకు మొదట సక్కగ చేసి, దానితోని ఒక వానకాలం నడుపు. ఆమీద అక్కర అనిపిస్తే పూర్తి సెట్టు తెచ్చి బిగిద్దాం. చూసేటోన్ని నేనే తెస్త.

అల్లుడు: టైర్ల సంగతి ఇంకా నాకు మింగుడు పడలే.

మామ: మింగుడు పడకుంటే పడకపాయె. లెక్క తప్పని చూపియ్యి, నేనే కొనిస్త.

ఇక్కడితో వాదం ముగిసింది గానీ ఇద్దరూ ఒక్క మాట మీదకు రాలేదు, రావాల్సిన పనీ లేదు. తీర్పు అడిగితే ఇలా చెప్పాలి. చెడిపోయినదాన్ని కనిపెట్టడంలో అల్లుడే గెలిచాడు. తన బండి మీద ఓనరు పెట్టేంత సమయం ఏ గ్యారేజీ పెట్టదు, రిలే సంగతి అందుకు సాక్ష్యం. కొత్త హంగుల విషయంలో మామే గెలిచాడు. పాత బండి కష్టాల్లో ఎక్కువ భాగం అరిగిన భాగాలవి, గీసిన తీరువి కావు. బండిని మొదట అది పుట్టినప్పటి స్థితికి తేవాలి. అప్పటికీ తీరని అవసరం ఉంటేనే మార్పు గురించి ఆలోచించాలి. ఏ పని సొంతంగా చేయవచ్చో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు. ఈ భాగం రోడ్డు మీద విఫలమైతే బండి ఆగుతుందా, మనిషి పోతాడా? బండి ఆగేదైతే నేర్చుకుని చేసుకోండి. మనిషి పోయేదైతే చేసినా సరే, మరొకరి కన్ను పడకుండా రోడ్డెక్కించకండి.

చివరగా ఒక విన్నపం. వర్లి, కామాటిపుర, భీవండి, సోలాపూర్‌లలో పానా పట్టి బతికిన తెలుగు పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్లకు తెలిసింది ఏ మాన్యువల్‌లోనూ పూర్తిగా లేదు. ఇంట్లో పాత బండి ఉన్నవాళ్లు ఒక నోటుపుస్తకం పెట్టి, ఏ తేదీన ఏ భాగం విప్పారో, ఎన్ని షిమ్ములు పెట్టారో, ఏ బోల్టు అంగుళాలదో, ఏది మిల్లీమీటర్లదో రాసుకోండి. ఆ పెద్దలను పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. చాళ్లు టవర్లుగా మారేలోపే ఆ పని మొదలుపెట్టండి.